పోలండ్ స్కౌట్ జాంబోరీకి మావాడి పేరు పంపమంటారా?

గుణుపురం_అమ్మ
మాది ఒడిశాలో గుణుపురం. మావాడు తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచి స్కౌట్స్‌లో ఉన్నాడు. మూడో మెట్టు తృతీయ సోపాన్ అయింది, రాష్ట్ర స్థాయి రాజ్య పురస్కార్‌కి తయారవుతున్నాడు. మొన్న ఆదివారం స్కౌట్ మాస్టారు ఇంటికొచ్చి, 2027లో పోలండ్‌లో ప్రపంచ స్కౌట్ జాంబోరీ, అంటే అన్ని దేశాల స్కౌట్ పిల్లలు కలిసే శిబిరం ఉంది, పేరు పైకి పంపమంటారా అని అడిగారు. జులై 30 నుంచి ఆగస్టు 8 వరకు. గ్డాన్‌స్క్ అనే ఊరి దగ్గర సముద్రం పక్కన దీవిలో గుడారాలు వేసుకుని ఉండాలట.

మా ఆయన అక్కడికక్కడే సరే అనేశారు. మా అత్తయ్య ఆ రోజు నుంచి నాతో ముభావంగా ఉన్నారు. "పర్లాకిమిడి కూడా ఒక్కడూ వెళ్ళి ఎరగడు, వాణ్ణి సముద్రాలు దాటిస్తారా" అంటున్నారు. నాకూ భయంగానే ఉంది. 2023లో కొరియాలో జరిగిన జాంబోరీలో ఎండకు పిల్లలు సొమ్మసిల్లారని, మధ్యలోనే ఖాళీ చేయించారని ఎవరో వీడియో పంపారు. పైగా అప్పటికి వాడు పదిలో ఉంటాడు.

ఇంకో చిక్కు. పాస్‌పోర్ట్ కావాలి కదా అని పుట్టిన సర్టిఫికెట్ తీసి చూస్తే, పేరు రాయాల్సిన గడి ఖాళీ. మగ అని ఉంది, తేదీ ఉంది, మా ఇద్దరి పేర్లు ఉన్నాయి. వాడి పేరు లేదు. పద్నాలుగేళ్ళుగా బీరువాలో చీరల కింద పెట్టి ఒక్కరమూ చూసుకోలేదు.

మీలో ఎవరైనా పిల్లల్ని ఇలా పంపారా? నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

బరంపురం_బాబాయ్
మిగతావన్నీ తర్వాత, ముందు సర్టిఫికెట్ చూడమ్మా. పేరు లేకుండా నమోదైన పుట్టుకకు పేరు చేర్చుకోవడానికి గడువు 15 ఏళ్ళు. మొదటి 12 నెలలు ఉచితం, తర్వాత ఆలస్య రుసుము కట్టాలి. మీవాడికి 15 ఎప్పుడు నిండుతాయి?

గుణుపురం_అమ్మ
వచ్చే ఫిబ్రవరిలో.

బరంపురం_బాబాయ్
అయితే ఈ వారమే కదలండి. పుట్టుక ఎక్కడ నమోదైందో ఆ రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్ళాలి. గుణుపురంలోనేనా?

గుణుపురం_అమ్మ
కాదు బాబాయ్, మొదటి కాన్పు కదా, మా పుట్టింట్లో. పాతపట్నం. అంటే ఆంధ్రా వైపు.

వంశధార_తీరం
ఇది మన అందరిళ్ళలోనూ ఉన్న కథే. కాన్పు అటు, చదువు ఇటు. మా అమ్మాయి సర్టిఫికెట్ తెలుగులో, స్కూలు రికార్డు ఒడియాలో. రెండింట్లో పేరు పలికే తీరే వేరు.

రాయగడ_రైల్వే
పేరు చేర్పించేటప్పుడు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను, కాస్త పొడుగే, అయినా చదవండి.

మా అబ్బాయి పేరు చివర "రావు" ఉంది. పుట్టిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పొట్టిగా. ఇక్కడి స్కూల్లో చేర్చినప్పుడు గుమాస్తా ఇంటిపేరు ఏమిటని అడగలేదు. ఒడియా వాళ్ళకు ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి చివరి మాట చూసి "రావు" ఇంటిపేరని రాసుకున్నాడు. ఆధార్‌లో అసలు ఇంటిపేరు పూర్తిగా, అదీ ముందు. నా సర్వీసు రికార్డులో ఇంకోలా. ఒకే పిల్లాడికి నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి. ఏది ఎక్కడ రాయాలో తెలియక ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ. చివరికి ఆధార్‌ను స్కూలు రికార్డుకు సరిపోయేలా మార్పించాం. రెండు నెలలు పట్టింది.

మీ కాగితంలో పేరు గడి ఖాళీగా ఉండడం ఒక రకంగా మీ అదృష్టం. తప్పు పేరు ఉంటే దిద్దించడం కష్టం, లేని పేరు చేర్చడం తేలిక. స్కూలు రిజిస్టర్‌లో ఏ అక్షరాలు ఉన్నాయో, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా అచ్చంగా అవే రాయించండి.

పర్లాకిమిడి_పాప
"రావు" ఇంటిపేరై కూర్చోవడం మా ఇంట్లోనూ ఉంది! మా నాన్న, బాబాయ్, నేను, అందరం రావులమే. కాలేజీలో నన్ను మిస్ రావ్ అని పిలుస్తారు.

బరంపురం_బాబాయ్
రాయగడ తమ్ముడు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 2023 అక్టోబర్ 1కి ముందు పుట్టిన పిల్లలకు పాస్‌పోర్ట్ కోసం పుట్టిన సర్టిఫికెట్ ఒక్కటే దారి కాదు, పుట్టిన తేదీ ఉన్న స్కూలు సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది. అయినా పేరు చేర్పించడం మానొద్దు. ఈ కాగితం జీవితాంతం అడుగుతారు.

జయపురం_టీచర్
నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. పదిలో ఉన్న పిల్లాణ్ణి రానూపోనూ కలిపి రెండు వారాలు బడి మాన్పించి, అంత డబ్బు పోసి పంపడం అవసరమా? స్కౌటింగ్ నేర్చుకోవాలంటే మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ ఉంది, మన జాతీయ శిక్షణ కేంద్రం అదే. జాతీయ జాంబోరీలు ఉన్నాయి. రైల్లో వెళ్ళి రావచ్చు.

నా మనసులో అసలు బాధ వేరే. ఇలాంటి వాటికి ఎప్పుడూ డబ్బు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలే వెళతారు. ఇదివరకు నేను ఒక ఆశ్రమ పాఠశాలలో గైడ్ కంపెనీ, అంటే ఆడపిల్లల స్కౌట్ దళం నడిపాను. ఒక సవర గిరిజన పిల్ల ఉండేది. క్యాంపులో గ్యాడ్జెట్లు, అంటే వెదురుతో, తాడుతో వాడుకునే వస్తువులు చేయమంటే మిగతా పిల్లలు తాడు చిక్కులు విప్పుకుంటూ కూర్చునేవారు. ఆ పిల్ల వెదురు మూడు ముక్కలు నరికి, వాటిని పైన కలిపి తాడు చుట్టి ముక్కాలి నిలబెట్టి, చేతులు కడుక్కోవడానికి బిందె వేలాడదీసేది. గంట కూడా పట్టేది కాదు. వాన పడుతుంటే తడి కట్టెలతో పొయ్యి ముట్టించేది. ఆ పిల్లకు పాస్‌పోర్ట్ అనే మాట కూడా తెలియదు. నిజమైన స్కౌట్ ఎవరు మరి?

గుణుపురం_అమ్మ
టీచర్ గారూ, మీరన్నది నాకు నచ్చకపోవడం ఏమీ లేదు. మాకూ డబ్బు దాచింది లేదు. మా ఆయనది చిన్న బట్టల కొట్టు. చీటీ ఎత్తుదాం అంటున్నారు.

స్కౌట్_మాస్టారు_గంజాం
టీచర్ గారి బాధ న్యాయమైనదే. నేను పాతికేళ్ళుగా స్కౌట్ ట్రూప్ (దళం) నడుపుతున్నాను, నాకూ ఇలాంటి పిల్లలు కళ్ళముందు కనిపిస్తారు. దానికి మందు ఈ బాబును ఆపడం కాదు కదా. అలాంటి పిల్లకు పాస్‌పోర్ట్ ముందే తీయించి ఉంచడం, జిల్లాలో దాతల్ని అడగడం మన పని. పిల్లలకు పాస్‌పోర్ట్ ఫీజు 1000 రూపాయలు. ఒక ట్రూప్‌లో పది మందికి తీయించడం ఊరు తలుచుకుంటే అసాధ్యం కాదు.

ఇక పద్ధతి చెబుతాను. జాంబోరీలో పాల్గొనేది 14 నుంచి 17 ఏళ్ళ పిల్లలు. 18 దాటినవాళ్ళు సేవా బృందంలో వెళ్ళవచ్చు, వాళ్ళు వంటశాల, వైద్యం, దారి చూపడం లాంటి పనులు చేస్తారు. 36 మంది పిల్లలు, నలుగురు పెద్దలు కలిస్తే ఒక యూనిట్. 9 మందికి ఒక పెట్రోల్, అంటే చిన్న జట్టు. మీ అబ్బాయి ఎప్పుడూ ఆ తొమ్మిది మందితోనే ఉంటాడు, ఒంటరిగా ఉండడు. శిబిరం ఫీజు అన్ని దేశాలకూ ఒకటి కాదు, దేశం ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. విమానం, వీసా, బట్టలు వేరే.

ఎవరంతట వాళ్ళు పేరు ఇచ్చుకోవడం కుదరదు. యూనిట్ నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి ఢిల్లీలోని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ కార్యాలయం. మధ్యలో ఏ ఏజెంటైనా "జాంబోరీ సీటు ఇప్పిస్తా" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

వంశధార_తీరం
ఆ చివరి మాట అందరూ రాసి పెట్టుకోండి. మా వీధిలో ఒకాయన కొడుకు ఉద్యోగం కోసం ఇలాగే ఏజెంటుకు కట్టి ఇప్పటికీ తిరుగుతున్నాడు.

మహేంద్రగిరి
కొరియా సంగతి నేను చెబుతాను. మా అక్క కొడుకు వెళ్ళాడు.

ఆ స్థలం పేరు సెమాన్‌గమ్. సముద్రం పూడ్చి చేసిన నేల. చెట్టు నీడ లేదు, నీళ్ళు నిలిచిపోయి పురుగులు. 40 వేలకు పైగా పిల్లలు. ఆగస్టు 1న మొదలైతే ఆ రాత్రి నుంచే వందల మంది ఎండదెబ్బకు ఆస్పత్రి గుడారాల్లో చేరారు. బ్రిటన్ వాళ్ళు, అమెరికా వాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోయారు. ఆ పైన ఖానున్ తుఫాను వస్తోందని ఆగస్టు 8న అందర్నీ బస్సుల్లో ఎక్కించి సియోల్ వైపు పంపేశారు. యూనివర్సిటీ హాస్టళ్ళలో పెట్టారు. 11న సియోల్ ప్రపంచ కప్ స్టేడియంలో ముగింపు చేశారు.

మా అక్క ఇక్కడ టీవీ చూసి ఏడుస్తూ కూర్చుంది. వాడు ఫోన్‌లో ఏమన్నాడో తెలుసా? "అమ్మా, ఇది మన మే నెల ఎండే. నేను తడి స్కార్ఫ్ మెడకు చుట్టుకున్నాను. పక్క గుడారంలో పిల్లలకు ఈ ఎండ కొత్త, పాపం, వాళ్ళకు నీళ్ళు మోస్తున్నాం." తుఫాను అంటే కూడా వాడు బెదరలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చిన రాత్రి మా పెంకులు లేచిపోతే వాణ్ణి నడుముకు కట్టుకుని బడి భవనానికి పరిగెత్తాం. అది చూసిన పిల్లాడు.

ఏర్పాట్లు బాగాలేవు, ఆ మాట అందరూ అన్నారు. కానీ వాడు మాత్రం మారి వచ్చాడు. అన్నం తిన్న కంచం తనే కడుగుతాడు ఇప్పటికీ.

పర్లాకిమిడి_పాప
ఆ ఒక్క మాట చాలు, మా తమ్ముణ్ణి కూడా పంపేస్తాం. కంచం కడిగితే చాలు.

జయపురం_టీచర్
మహేంద్రగిరి గారూ, మీ పిల్లాడికి బాగానే గడిచింది, సంతోషం. అందరికీ అలా గడవాలని లేదు కదా. ఆస్పత్రిలో చేరిన వందల మంది కూడా ఎవరో ఒకరి పిల్లలే.

మహేంద్రగిరి
నిజమే టీచర్ గారూ. అందుకే భయం లేదని నేను అనడం లేదు. ఏం జరిగిందో తెలిసే పంపమంటున్నాను.

వార్సా_వాసి
మాది టెక్కలి. ఆరేళ్ళుగా పోలండ్‌లో ఉంటున్నాను. కొరియాతో పోల్చకండి, ఇక్కడ ఆగస్టులో ఎండ కాదు, చలి, వాన చూసుకోవాలి. గ్డాన్‌స్క్ బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంది. పగలు 20, 22 డిగ్రీలు, రాత్రి 14 దాకా పడిపోతుంది. మనకు డిసెంబర్ చలి అన్నమాట. జాంబోరీ జరిగే సోబిషెవో దీవిలో అడవి ఉంది, ఇసుక తీరం ఉంది. సాయంత్రం ఎనిమిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది, మొదటి రెండు రోజులు పిల్లలకు నిద్ర పట్టదు. మందపాటి స్లీపింగ్ బ్యాగ్, మంచి రెయిన్‌కోట్, రెండు జతల బూట్లు కొనండి. మిగతా షాపింగ్ మానేసినా పర్వాలేదు.

ఇక్కడ డబ్బు యూరో కాదు, జ్లోటీ. మన రెండు పిన్నుల ఛార్జర్ ఇక్కడి ప్లగ్గులో సరిపోతుంది, మూడు పిన్నులది దూరదు. మనకూ ఇక్కడికీ వేసవిలో మూడున్నర గంటల తేడా. వాడు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే మీకు పన్నెండున్నర. కాబట్టి వాణ్ణి మధ్యాహ్నం భోజనం వేళ చేయమనండి, లేకపోతే మీ అత్తయ్య గారు రోజూ అర్ధరాత్రి దాకా కూర్చుంటారు.

మీ అత్తయ్య గారికి ఇంకో సంగతి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పోలండ్ పిల్లలు వందల మంది 1942లో మన దేశం వచ్చారు. నవానగర్ మహారాజా దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో వాళ్ళకు ఇళ్ళు కట్టించి, బడి పెట్టించి చూసుకున్నారు. వార్సాలో ఆయన పేరిట ఒక చిన్న పార్కు ఉంది, "మంచి మహారాజు స్క్వేర్" అంటారు. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆ దారిలోనే వెళతాను. నేను ఇండియా అనగానే ఇక్కడి ముసలమ్మలు ఆ కథ ఎత్తుతారు.

గుణుపురం_అమ్మ
వార్సా తమ్ముడూ, ఇప్పుడే అత్తయ్యకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి "ఆ పిల్లలు తిండి ఏం తిన్నారో పాపం, మన కారం తినగలిగారా" అని అడిగారు. నాలుగు రోజుల్లో నాతో మామూలుగా అన్న మొదటి మాట ఇదే.

బరంపురం_బాబాయ్
మంచి శకునం.

మజ్జిగౌరమ్మ_భక్తురాలు
నాది వేరే కష్టం. మా ఆయన మమ్మల్ని వదిలి వెళ్ళి ఎనిమిదేళ్ళు. ఎక్కడున్నారో తెలియదు. మా అమ్మాయి కూడా గైడ్. పాస్‌పోర్ట్‌కి తల్లిదండ్రులు ఇద్దరి సంతకం కావాలంటారు కదా. ఆ భయానికే ఎక్కడికీ పేరు ఇవ్వలేదు.

రాయగడ_రైల్వే
అక్కా, దారి ఉంది. ఇద్దరూ ఉంటే ఇచ్చే కాగితం అనెగ్జర్ డి. ఒకరి సంతకం దొరకనప్పుడు ఒక్క తల్లో తండ్రో ఇచ్చే ప్రకటన అనెగ్జర్ సి. అందులో కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి. మా భువనేశ్వర్ పాస్‌పోర్ట్ పనికి వెళ్ళినప్పుడు నా ముందు వరుసలో ఒక తల్లి అలాగే ఇచ్చింది.

మజ్జిగౌరమ్మ_భక్తురాలు
ఇన్నేళ్ళు ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. రేపే కనుక్కుంటాను.

స్కౌట్_మాస్టారు_గంజాం
పాస్‌పోర్ట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ళు లేదా 18 నిండే వరకు, ఏది ముందైతే అది. 17 నడుస్తున్న పిల్లలు ఉంటే పదేళ్ళది తీసుకోండి, 15 దాటినవాళ్ళకు ఇస్తారు. లేకపోతే వీసా దగ్గర చిక్కు, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు ఉండాలి.

పోలండ్‌కి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 12 దాటిన పిల్లలకు పెద్దల రుసుమే, 90 యూరోలు, వేలిముద్రలు కూడా ఇవ్వాలి. 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. అమ్మానాన్నల అనుమతి పత్రం అడుగుతారు.

అమ్మాయిల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న కూడా చెబుతాను. జాంబోరీకి వెళ్ళే పెద్దలందరూ పిల్లల భద్రత మీద "సేఫ్ ఫ్రమ్ హార్మ్" అనే శిక్షణ పూర్తి చేయాలి. మీ యూనిట్ లీడర్‌ను చేశారా అని నేరుగా అడగండి. అడిగితే తప్పు పట్టరు, పడితే ఆ లీడర్‌తో పంపకండి.

జయపురం_టీచర్
ఈ చివరి మాటకు నా ఓటు.

పర్లాకిమిడి_పాప
ఒక చిన్న ప్రశ్న. అక్కడ స్కార్ఫులు, బ్యాడ్జీలు మార్చుకుంటారని విన్నాను. మన పిల్లలు ఏం తీసుకెళ్ళాలి? మా ఊరి కొమ్ము దువ్వెనలు ఎలా ఉంటాయి?

మహేంద్రగిరి
కొమ్ము జంతువుది, కస్టమ్స్‌లో ఎవరు ఏమంటారో. మావాడు బరంపురం పట్టు చీరల అంచు ముక్కలు టైలర్ దగ్గర అడిగి తెచ్చుకుని చిన్న చిన్న బుక్‌మార్కులు కుట్టించుకుని వెళ్ళాడు. ఎగబడి తీసుకున్నారట. బ్రెజిల్ పిల్లాడి స్కార్ఫ్ ఒకటి ఇప్పటికీ మా అక్క దేవుడి గది తలుపుకు వేలాడుతోంది.

రాయగడ_రైల్వే
అన్నట్టు స్కౌట్ కత్తి ఉంటే చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. పిల్లలు రెండూ తారుమారు చేస్తారు.

వంశధార_తీరం
మరి భాష? మావాడికి ఇంగ్లిష్ అంతంత మాత్రం.

జయపురం_టీచర్
దీని గురించి మాత్రం ఎవరూ టెన్షన్ పడకండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ, సంతలో సవర మాట నాలుగు ముక్కలు. ఎదుటివాడి మొహం చూసి భాష మార్చడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంగ్లిష్ వ్యాకరణం తప్పొచ్చు, మాట మాత్రం ఆగదు.

గుణుపురం అమ్మా, నేను మొదట కోపంగా రాశాను. మీ అబ్బాయిని పంపండి. పదో తరగతి పాఠాలు ఆ రెండు వారాలవి నేను ఫోన్‌లో చెబుతాను, లెక్కలు, సైన్సు రెండూ. మాస్టారు గారూ, నేను చెప్పిన సవర పిల్ల ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. జాంబోరీ నాటికి 18 దాటుతుంది. సేవా బృందం అన్నారు కదా, దాని వివరాలు నాకు విడిగా పంపండి.

స్కౌట్_మాస్టారు_గంజాం
ఈ రాత్రికే పంపుతాను టీచర్ గారూ. పాస్‌పోర్ట్ ఖర్చు నాది.

బరంపురం_బాబాయ్
వీసా రుసుము నాది.

గుణుపురం_అమ్మ
పది రోజుల తర్వాత రాస్తున్నాను. పాతపట్నం వెళ్ళి వచ్చాం. మా తమ్ముడు తోడు వచ్చాడు. స్కూలు రిజిస్టర్ జిరాక్స్ పట్టుకుని, రాయగడ అన్నయ్య చెప్పినట్టు ఒక్కో అక్షరం చూసుకుని రాయించాం. ఆలస్య రుసుము కట్టాం. నిన్న కొత్త సర్టిఫికెట్ చేతికి వచ్చింది. ఆ గడిలో వాడి పేరు చూస్తే కళ్ళు చెమ్మగిల్లాయి. వాడు మాత్రం "అమ్మా, ఇన్నాళ్ళూ నేను పేరు లేనివాణ్ణా" అని ఒకటే నవ్వు.

రాత్రి వాన పడుతుంటే డాబా మీద దుప్పటితో గుడారం కట్టాడు. బట్టలారేసే తీగకు క్లోవ్ హిచ్ ముడి, మూలకు రాళ్ళు. తెల్లవారుజామున చూస్తే సగం తడిసి అందులోనే నిద్రపోతున్నాడు. అత్తయ్య పక్కన గొడుగు పట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు.

మాస్టారికి సరే అని చెప్పేశాం.

మహేంద్రగిరి
ఆ గుడారం ఫోటో పెట్టండి!

గుణుపురం_అమ్మ
పెడతాను. ఈలోగా అత్తయ్య ఒక విషయం కనుక్కోమన్నారు. వాడితో నెయ్యి సీసా, మజ్జిగ మిరపకాయలు పంపవచ్చా? మిరపకాయలు ఇప్పటి నుంచే ఎండబెడతానంటున్నారు.

వార్సా_వాసి
నెయ్యి వద్దక్కా. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. పాలకోవా, చికెన్ పచ్చడి కూడా అంతే. మజ్జిగ మిరపకాయల్లో పెరుగు ఉంది కాబట్టి అవీ వద్దు. ఉప్పు మిరపకాయలు ఎండబెట్టమనండి, కందిపొడి, కరివేపాకు పొడి చేసి గట్టిగా ప్యాక్ చేయించండి. పొడుల్లో నెయ్యి కలపొద్దని మాత్రం చెప్పండి.

గుణుపురం_అమ్మ
చెప్పాను. "పెరుగు లేకుండా మిరపకాయా" అని అడుగుతున్నారు. అయినా ఉప్పు నీళ్ళలో వేశారు, రేపు ఎండ వస్తే డాబా మీద పెడతారట. గుడారం కాస్త పక్కకు జరపమన్నారు.